హ్యాండిలప్ప మొక్కు

మొన్న ఒక పెళ్లిలో, పూలు కట్టిన కారు ముందు గొంతుక్కూర్చున్నాను. తెల్ల అంగీ అంచు మట్టిలో పడుతున్నా చూసుకోలేదు. తల వంచి, నంబరు ప్లేటు కింద, బంపర్ మధ్యలో వేలితో తడుముతుంటే పెళ్లికొడుకు మేనమామ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం పోయిందయ్యా? కళ్లద్దాలా?"

"కాదప్పా. దీనికి హ్యాండిల్ బొక్క ఉందేమోనని చూస్తాండా."

ఆయన నన్నూ, కారునూ, ఆకాశాన్నీ వరసగా చూశాడు. "అయ్యగారికి ఎండ తగిలినట్టుండాది, ఎవరన్నా మజ్జిగ తీసకరాండప్పా" అని కేకేశాడు. మజ్జిగ వచ్చింది. తాగాను. బొక్క లేదు. ఈ కాలపు కార్లకు ఉండదని నాకు తెలుసు. అయినా మా క్రైస్తవ సంఘంలో పెళ్లి కారు బయలుదేరే ముందు ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. ఎనిమిది నెలల కిందటి వరకు ఆ పని చేయడానికి ఒకాయన ఉండేవాడు. ఆయన పోయాక, ఎవరూ అప్పగించకుండానే అది నా మీద పడింది.

ఆయన్ని అందరూ హ్యాండిలప్ప అనేవారు. బాప్తిస్మం నాటి పేరు సంఘం రిజిస్టరులో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే తన వెనక ఎవరో ఉన్నారనుకుని ఆయనే తిరిగి చూసేవాడు.

నేను అనంతపురం శివారులోని ఆ సంఘానికి కాపరిగా వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేయి ఇస్తున్నాను. డెబ్బై దాటిన ఒక పొడుగాటి మనిషి వచ్చి చేయి చాచాడు. పట్టుకుంటే ఏదో తేడాగా తగిలింది. ఆ చేతికి బొటనవేలు లేదనుకుని జాలిపడ్డాను. చూస్తే ఉంది. మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఐదోదిగా అతుక్కుని, నా చెయ్యిని చుట్టకుండా నిటారుగా నిలబడి ఉంది.

"బొటనేలు చుట్టగూడదయ్యా" అన్నాడు నా మొహం చూసి. "హ్యాండిల్ వెనక్కి తన్నిందంటే మణికట్టు రెండు తుంపులయితాది."

"ఇది హ్యాండిల్ గాదు గదన్నా, నా చెయ్యి."

"తన్నేదేదో, తన్నందేదో ముందే తెలుస్తాదా అయ్యా?"

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. వెనకటి కార్లకు తాళంచెవి తిప్పితే ప్రాణం వచ్చేది కాదు. ముందుభాగంలో కింద ఒక రంధ్రం ఉండేది. రెండు చోట్ల వంచిన ఇనుప కడ్డీని అందులో దూర్చి, ఇంజనుకు తగిలించి, చేత్తో తిప్పాలి. ఒక్కోసారి ఇంజను తొందరపడి కడ్డీని వెనక్కి తిప్పి కొడుతుంది. బొటనవేలు చుట్టి పట్టుకున్నవాడి చెయ్యి విరుగుతుంది. అందుకని ఐదు వేళ్లూ ఒకే వైపు ఉంచి, కిందికి తొయ్యకుండా పైకి లాగాలి. ఇది మామూలుగా డ్రైవర్లు తెలుసుకోవలసిన జాగ్రత్త. హ్యాండిలప్ప దీన్ని జీవితానికంతా పట్టించాడు. మజ్జిగ గ్లాసూ, పాటల పుస్తకమూ, బస్సులో పైకమ్మీ, దేన్నీ బొటనవేలితో చుట్టలేదు. గొడుగు మాత్రం నాలుగైదు సార్లు ఎగిరిపోయింది. "గొడుగు పోతే పోనీ, చెయ్యి మిగిలింది" అనేవాడు.

పెళ్లిళ్ల సంగతి ముందే చెప్పాను. కొత్త దంపతులు కారెక్కి కూర్చున్నాక ఆయన ముందుకెళ్లి గొంతుక్కూర్చునేవాడు. బంపర్ అంతా తడిమి, తల అడ్డంగా ఊపి, లేచి, కారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాడు. "ప్రభువా, బొక్క లేని బండిలో పోతాండారు ఈ బిడ్డలు. బ్యాటరీ దిగిపోయిన దినం వీళ్లకు నువ్వే దిక్కు." అందరూ ఆమేన్ అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణి. ఆలోచించి చూస్తే అది పెళ్లికి తగని ప్రార్థన ఏమీ కాదు.

రాప్తాడు దగ్గర హైవే పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. పొట్టకు ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేసేవాడు. మనసు మాత్రం ఎప్పుడూ వెనకగోడ మీద. ఆ గోడకు నలభై ఒక్క హ్యాండిళ్లు మేకులకు వేలాడేవి. మొదటిసారి చూసినప్పుడు నేను ఒక పొరపాటు చేశాను.

"అన్నీ ఒకటే గదన్నా" అన్నాను.

"ఒకటేనా?" ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "అయ్యా, మీరు చదువుకున్నోళ్లు. మీరే అట్లంటే ఎట్ల?"

ఒక్కోదాన్నీ దించి నా చేతిలో పెట్టాడు. ఎవరి బండిదైతే వాళ్ల పేరు. ఇది తాసిల్దారు. కడ్డీ పొట్టి, మోచెయ్యి పొడుగు. "లోపలికి పోయేది జానెడు, బయట తిప్పుకునేది బారెడు." ఇది డాక్టరమ్మ. సన్నగా, పిడికి కొయ్య గొట్టం తొడిగి ఉంది. గొట్టం తనకు తానే తిరుగుతుంది కాబట్టి అరచెయ్యి బొబ్బలెక్కదు. ఇది సేటు. దీన్ని బండిలోంచి తీయడానికి లేదు, ఎప్పుడూ ముందు వేలాడుతూనే ఉంటుంది, ఎగిరి పడకుండా తోలుపట్టీతో కట్టేయాలి. అందుకని ఆయన బంపర్‌తో సహా కోసుకొచ్చాడు. ఇంకొకటి హ్యాండిలూ అదే, చక్రం నట్లు విప్పేదీ అదే, జాకీ తిప్పేదీ అదే. "మూడు పనులు చేస్తాది, ఒక్కటీ సరిగ్గా చెయ్యదు. మన సంఘం సెక్రటరీ మాదిరి."

అన్నిటికంటే ముఖ్యం కొన. చాలా హ్యాండిళ్లకు కొనలో ఒక పిన్ను అడ్డంగా దిగేసి ఉంటుంది. ఇంజను నట్టుకున్న గాట్లలో అది కూర్చోవాలి. ఒకదాని పిన్ను చిటికెన వేలంత, ఒకదానిది పెన్సిలంత. టాకీసు వాళ్ల ప్రచారం బండి హ్యాండిల్‌కైతే పిన్నే లేదు, గొట్టం అంచునే రెండు పళ్లుగా కోశారు.

"దీన్ని తీసకపోయి డాక్టరమ్మ బండిలో పెట్టినామనుకో. తిరుగుతాది. తిరుగుతానే ఉంటాది. ఇంజనుకు తెలియను గూడా తెలియదు" అని నా వైపు చూశాడు. "మనోళ్లు చేసే ప్రార్థనలు కొన్ని అట్లే ఉంటాయి గదయ్యా."

ఆ గాట్లు ఏటవాలుగా ఎందుకుంటాయో కూడా చెప్పాడు. ఇంజను అందుకున్న మరుక్షణం ఆ వాలే పిన్నును బయటికి నెట్టేస్తుందట. ఇంక నీతో పని లేదు, పక్కకు జరుగు అన్నట్టు. నేను చదువుకున్న వేదాంత పాఠశాలలో సంఘాల మధ్య భేదాల మీద ఒక ఏడాది పాఠం ఉండేది. నీళ్లలో ముంచాలా, తల మీద చల్లాలా అని మేం గొంతులు పోగొట్టుకునేవాళ్లం. ఆ గోడ ముందు ఒక అరగంట నిలబెట్టి ఉంటే సరిపోయేది.

గోడ మధ్యలో ఒక పెద్ద మేకు ఖాళీగా ఉంది. అదేమిటని అడిగాను. ఆయన డాక్టరమ్మను తుడిచి తిరిగి తగిలించాడు.

మా సంఘంలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం. ఆ రోజు అందరికంటే ముందు వచ్చేది హ్యాండిలప్పే. బల్ల మీద తెల్లగుడ్డ పరిచేది, రొట్టె మూత సరిచేసేది, గిన్నెలు తళతళలాడేలా తుడిచేది ఆయనే. కానీ నేను "రండి" అని పిలిచే వేళకు వరండాలోకి వెళ్లిపోయి, చెప్పుల మధ్య నిలబడేవాడు. కుక్కలు చెప్పులు ఎత్తుకుపోతాయని ఒక సాకు. అందరూ తిని తాగి వచ్చాక లోపలికొచ్చి గుడ్డ మడిచేవాడు. ఇది నలభై ఏడేళ్లుగా జరుగుతోందని సంఘపెద్ద ఒకాయన చెప్పాడు. నాకంటే ముందు వచ్చిన కాపరులు అడిగి అడిగి వదిలేశారట. ఒక మనిషి ఇంటికొచ్చి, వంటంతా వడ్డించి, తాను మాత్రం తినకుండా గుమ్మంలో నిలబడితే ఇంటాయనకు ఎలా ఉంటుంది? నాకు ప్రతి నెలా అలాగే ఉండేది. నేను వదల్లేదు. షెడ్డుకెళ్లి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఆ మేకు దొర బండిదయ్యా" అన్నాడు చివరకు.

మిషను రోజుల్లో ఆయన మిషనరీ దొరకు డ్రైవరు. ఆ బండి ఇప్పటికీ మా కాంపౌండులో రేకుల కింద ఉంది.

"ఆ దినం దొరకు వీడ్కోలని ఐదూర్లు తిరిగినామయ్యా. ఊరూరా బండి ఆపేది, మళ్లా హ్యాండిల్ కొట్టేది. ఏదో ఒక ఊర్లో నా మెళ్లో గూడా పూలదండ ఏసినారు. డ్రైవరుకు యాడన్నా దండ ఏస్తారా? నేను మనిషిని గాను ఇంక. బండి స్టార్ట్ చేసినా, హ్యాండిల్ యాడ పెట్టినానో పెట్టినా, ఎక్కినా, దండ సర్దుకున్నా. ఇంజను హీటెక్కింది, ఆపితే మళ్లా అందుకోదని మిగతా ఊర్లల్లో ఆపనే లేదు. బంగళాకొచ్చి చూస్తే హ్యాండిల్ లేదు."

"దొర తిట్టినాడా?"

"తిట్టుంటే బాగుండు. హ్యాండిల్ ఏదీ అన్నాడు. ఉండాది దొరా, సీటు కింద అంటి. మర్నాడు అడిగినాడు. ఉండాది అంటి. మూడోనాడూ అంతే. ఆ మూడు దినాలూ బండి తోసి స్టార్ట్ చేసినాము. దొర గూడా తెల్ల ప్యాంటేసుకోని తోసినాడయ్యా! హ్యాండిల్ ఉంది గదా, ఎందుకు తోస్తాండాం అన్నాడు. ఒంటికి మంచిది దొరా అంటి."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాలుగోనాడు దొర ఊరికి పోయినాడు, మళ్లా రానంత దూరం. పోతా పోతా నా చెయ్యి పట్టుకోని, నీ అంత నిజమైన మనిషిని ఈ జిల్లాలో చూడలేదన్నాడు. ఆ మాట నా లోపల పిన్ను మాదిరి దిగిపోయింది. ఆ రాత్రే మొక్కుకుంటి. ఆ హ్యాండిల్ దొరికి, దాంతోనే ఆ బండి స్టార్ట్ చేసేదాకా నీ బల్ల ముట్టను ప్రభువా అని."

వారం తర్వాత సైకిలు మీద ఐదూళ్లూ తిరిగి అడిగాడట. ఎవరూ చూడలేదన్నారు. ఎవరో పాతసామాన్లకు అమ్మేసుకున్నారనుకుని అప్పటి నుంచి ఉరవకొండ, రాయదుర్గం, బళ్లారి, ఎక్కడ పాత ఇనుము కుప్ప కనిపించినా వెతికాడు. వెతికినప్పుడల్లా వేరే హ్యాండిలే దొరికేది. దొరికినదాన్ని వదిలి రాలేక తెచ్చేవాడు. గోడ మీద నలభై ఒకటీ అలా చేరినవే.

"లేత్ మీద చేయించుకుంటే?" అన్నాను.

"పొద్దు తిరిగేలోగా అయితాది. కానీ నేను పోగొట్టింది అది గాదు గదా."

అప్పుడు కాపరిగా నేను చేయవలసింది చేశాను. తొందరపాటు మొక్కుల గురించీ, మన క్రియల వల్ల గాక కృప వల్లనే మనిషి నిలబడతాడన్న సంగతి గురించీ గంటసేపు వాక్యం చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా జారిపోనివ్వకుండా విన్నాడు.

"మంచి మాటలయ్యా" అన్నాడు. "కృప అనేది సెల్ఫ్ మోటారు మాదిరి. మీట నొక్కితే తిరుగుతాది. కాదనను. కానీ నాది సెల్ఫ్ లేని బండి."

అలా రెండేళ్లు గడిచాయి. నేను చెబుతూనే ఉన్నాను, ఆయన చెప్పులు కాస్తూనే ఉన్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. విడపనకల్లు దాటాక సరిహద్దు వైపు మాకొక చిన్న పల్లె సంఘం ఉంది. అక్కడి మందిరానికి సున్నం కొట్టించాం, వచ్చి ప్రార్థన చేయమన్నారు. మందిరం లేచాక ఎప్పుడూ అటు పోని హ్యాండిలప్పను తోడుకు తీసుకెళ్లాను. ఆటో దిగి, దుమ్ము దులుపుకుని, ఆయన తలెత్తి మందిరం మీది సిలువను చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"ముక్కు" అన్నాడు.

నేను నా ముక్కు తుడుచుకున్నాను.

"మీది గాదయ్యా. దాని ముక్కు చూడండి. పిన్ను మీద అంగుళం ముక్కు. ఈ జిల్లాలో ఇంకే బండి హ్యాండిల్‌కూ పిన్ను దాటి ముక్కుండదు."

చూశాను. తెల్లరంగు పూసిన నిలువు కమ్మీ, దానికి వెల్డింగు చేసిన అడ్డకమ్మీ. పైన, కొనకు కాస్త కింద, అడ్డంగా ఒక చిన్న ఇనుప ముక్క. ప్రభువు తల పైన కొట్టిన పలక కోసం పెట్టారని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఆ ఊరివాళ్లూ అలాగే అనుకున్నారు.

ఆ పల్లె సంఘానికి పెద్ద ఒక అవ్వ. ఎనభై ఏళ్లుంటాయి. గర్వంగా చెప్పింది. "దొర మాకిచ్చిన సిలువయ్యా అది. పునాదిరాయి ఏసి, బండెక్కి పోయినాక చూస్తే రాళ్లకుప్ప మీద పెట్టుండాది. మాట్లాడకుండా పెట్టిపోయినాడు, అంత పెద్దమనిషి. మేమే కమ్మరి కాడ అడ్డం అతికిచ్చుకున్నాము. ఎంత ముందుచూపో చూడు, కాంక్రీటులో కదలకుండా కాలు గూడా వంచి ఇచ్చినాడు!"

హ్యాండిలప్ప గొంతు కీచుమంది. "నేనొచ్చి అడిగితి గదమ్మా! ఇనుప కడ్డీ చూసినారా అని ఇంటింటికీ అడిగితి!"

"అడిగినావా? ఉంటే చెప్పుంటాము. మా కాడ కడ్డీ యాడుంది? సిలువైతే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింటిమి."

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చేదాకా ఆగలేదు. ఆ తర్వాత నిజం చెప్పాడు. అది కారు హ్యాండిల్ అని.

"అంటే మేము ఇన్నేండ్లూ కారు హ్యాండిల్ కింద ప్రార్థన చేసినామా?" అని ఒకడు అడిగాడు.

ఇటువంటి ప్రశ్నకు జవాబు మాకు పాఠశాలలో నేర్పలేదు. దేవుడే నోట మాట పెట్టాడు. "మొదటి సిలువ కూడా వేరే పనికి తెచ్చిన కట్టేనప్పా" అన్నాను. "దొంగల కోసం తెచ్చింది." వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అదీ నిజమే అని తలలూపి, లోపలికి వచ్చి పాట ఎత్తుకున్నారు.

తిరుగు దారిలో హ్యాండిలప్ప ఆ సిలువ కనుమరుగయ్యేదాకా వెనక్కే చూశాడు. తన హ్యాండిల్ దొరికింది. కానీ దాన్ని బండిలో పెట్టాలంటే ఒక ఊరి సిలువ రెక్కలు కోయాలి. "అబద్ధమాడి పోగొడితి. ఇప్పుడు దేవుని ఇంటి మీదికి ఎక్కి కూర్చుంటే, దించండని ఏ మొహంతో అడిగేది?" అన్నాడు మర్నాడు. అడగలేదు. ఆ నెల కూడా చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. ఈసారి భుజాలు వంగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ వెతకడానికి ఒక దారి ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు.

మూడో వారం అవ్వ బస్సెక్కి నా ఇంటికి వచ్చింది.

"ఆయప్ప బల్లకు రాడంటనే, మా సిలువ మూలాన?"

"సిలువ మూలాన కాదమ్మా, హ్యాండిల్ మూలాన."

"ఇప్పుడు రెండూ ఒకటే గదా" అని కాసేపు ఆలోచించింది. "ఒక్క ఆదివారం దించుదాం. మళ్లా అతికిచ్చుకుంటాం. కానీ ఆ హ్యాండిల్ మా ఊరు దాటి రాదు. బండే ఈడి నుంచి ఆడికి రావల్ల."

సంఘ కమిటీలో రెండు వారాలు రభస జరిగింది. సిలువను దించవచ్చా అని కొందరు, బండిని ఊరు దాటించవచ్చా అని కొందరు. చివరకు తీర్మానం నేనే రాశాను: "ఆలయముపై నున్న సిలువను ఒక దినము మట్టుకు హ్యాండిల్‌గా వాడుకొని, పిదప యథాస్థానమున నిలుపుటకు సమ్మతించడమైనది." కాపరిగా నేను రాసిన తీర్మానాలన్నిటిలో సందేహం లేకుండా అందరికీ అర్థమైనది ఇదొక్కటే.

ఆ ఆదివారం తెల్లవారకముందే దొర బండికి మోకు కట్టి ట్రాక్టరుతో లాక్కుంటూ బయలుదేరాం. స్టీరింగు ముందు హ్యాండిలప్ప, ఇస్త్రీ చొక్కాలో, ప్రతి ఊళ్లో రబ్బరు హారను నొక్కుతూ. పక్కన నేను. సినిమా షూటింగనుకుని జనం ఎగబడ్డారు. ఒక ఊళ్లో నన్ను చూసి, ఫాదరు వేషం బాగా కుదిరిందన్నారు.

మేం చేరేసరికి పది దాటింది. వెల్డింగతను అడ్డకమ్మీ కోసి, దిమ్మె పగలగొట్టి, హ్యాండిల్‌ను కిందికి అందించాడు. హ్యాండిలప్ప దాన్ని ఒళ్లో పెట్టుకుని, పిన్ను మీద ఏళ్లతరబడి పేరుకున్న తెల్లరంగును బ్లేడుతో గీకాడు. కొబ్బరినూనె రాశాడు. లోపల మందిరంలో బల్ల సిద్ధంగా ఉంది. బండి స్టార్టవడం, ఆరాధన, ఆ తర్వాత సంస్కారం. అదీ మేం అనుకున్న వరస. ఊరంతా బండి చుట్టూ నిలబడింది.

హ్యాండిల్ లోపలికి పోయింది. టక్ అని కూర్చుంది. ఆ చప్పుడుకు ఆయన కళ్లు మూసుకున్నాడు. నలభై తొమ్మిదేళ్లు నెలనెలా ఆ ఇంజనులో చెంచాడు నూనె పోసి, బిగుసుకోకుండా బెల్టు పట్టి జరుపుతూ కాపాడిన మనిషి ఆయన. పైకి లాగాడు.

ఏమీ లేదు.

మళ్లీ లాగాడు. మళ్లీ. పెట్రోలు చూశాడు, ప్లగ్గులు విప్పి తుడిచాడు, లాగాడు. ఆయన చెమటతో తడిసిపోయాక ట్రాక్టరతను అందుకున్నాడు, తర్వాత వెల్డింగతను, తర్వాత పాటల బృందం వరసగా. ఆయన పక్కన నిలబడి ప్రతివాడి మీదా అరిచేవాడు. "బొటనేలు తీయ్! తీయ్ రా బొటనేలు!" ఒంటిగంట దాటింది. నేనూ అంగీ ఎగ్గట్టి పట్టుకున్నాను. మూడోసారి లాగినప్పుడు లోపల ఏదో కదిలి, బండి ఒక్కసారి దగ్గింది. వెనక నల్లటి పొగ ఉమ్మింది. హ్యాండిల్ నా చేతిలోంచి వెనక్కి తన్ని ఎగిరింది. ఐదు వేళ్లూ ఒకే వైపున ఉన్నాయి గనుక ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి మిగిలింది.

"స్టార్టయింది!" అని సగం జనం అరిచారు. చప్పట్లు, స్తోత్రాలు.

"యాడయింది? మళ్లా ఆగిపోయింది గదా" అన్నారు మిగతా సగం.

"అయి, ఆగింది. అయితే గదా ఆగేది!"

నిజం చెబుతాను, నేను మొదటి సగం వైపే ఉన్నాను. ఆ దగ్గుతో మొక్కు తీరిందని ప్రకటించి ఆయన్ని లోపలికి తీసుకుపోదామని నోరు తెరిచాను కూడా. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"దగ్గేది స్టార్టయ్యేది గాదప్పా. సచ్చేవాడు గూడా దగ్గుతాడు. ఒకసారి అబద్ధమాడి ఇంత పని అయింది. ఇంగోటి వద్దు."

తర్వాత ఇంకో గంట లాగాం. బండి మళ్లీ దగ్గలేదు. జనం పలచబడ్డారు, పిల్లలు ఆకలని ఏడ్చారు. హ్యాండిలప్ప హ్యాండిల్‌ను బయటికి తీసి, తుడిచి, గోడకు ఆనించాడు. నన్ను చూడకుండా వెళ్లి, మందిరం వరండాలో, చెప్పుల మధ్య నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లాను. ఆరాధన ముగించి, బల్ల ముందు నిలబడి "రండి" అన్నాను. అందరూ లేచారు. అవ్వ మాత్రం వెనక్కి తిరిగి గుమ్మం దాకా నడిచింది.

"స్టార్ట్ కాలేదా?" అంది.

"కాలేదమ్మా."

"సరే. రా. రొట్టె ఎండిపోతాంది."

"మొక్కు తీరలేదు."

"తీరలేదు. నేనూ చూస్తిని గదా. నువ్వు రా."

ఆయన తలుపులోంచి నా వైపు చూశాడు. చెప్పడానికి నా దగ్గర పది వాక్యాలున్నాయి. అవి ఎత్తుకునేలోగా అవ్వ ఆ ఇస్త్రీ చొక్కా చేతిని పట్టుకుంది, బొటనవేలు గట్టిగా చుట్టి. లాక్కొచ్చి నా ముందు మోకరింపజేసింది. నేను రొట్టె పెట్టాను. ఆయన నమలడం మరిచిపోయి చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

సాయంత్రం, హ్యాండిల్ మళ్లీ సిలువై పైకెక్కాక, బయలుదేరాం. ముందు ట్రాక్టరు, మధ్యలో మోకు, వెనక మా చచ్చిన బండి. ఎండిన చేల మీద గాలి వేడిగా కొడుతోంది. చాలా దూరం ఆయన హారను నొక్కలేదు.

"స్టార్ట్ కాలేదు గదయ్యా?" అన్నాడు.

"కాలేదన్నా."

"అయినా ఇచ్చినారే."

నేను అవునన్నాను.

"అయినా ఇచ్చినారే" అన్నాడు మళ్లీ, ఈసారి ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. ఉరవకొండ దాటాక మరోసారి అన్నాడు, నమ్మకం కుదరనివాడిలా. ఆ తర్వాత ఎన్నిసార్లన్నాడో నేను లెక్కపెట్టలేదు. ఊరి దీపాలు కనపడే వేళకు నవ్వుతూ అంటున్నాడు.